కూడిక రోజు అప్‌డేట్

మా అన్నకు చెవులు ఒక్కరోజులో పోలేదు. నాచారం పారిశ్రామిక వాడలో రేకులు వంచే ప్రెస్సుల మధ్య ఆయన ఉద్యోగం. ముందు ఫోను రింగు వినపడటం మానేసింది, తర్వాత కుక్కరు విజిలు, ఆ తర్వాత మనుషుల మాట. చెవి మిషను పెట్టించాం. కొన్నాళ్లు పెట్టుకుని, "సప్పుడైతే వస్తది, మాట రాదు" అని తీసి డబ్బాలో పెట్టేశాడు. ఇక ఆ డబ్బా మూత తీయలేదు.

ఆయన దేనికి బాధపడుతున్నాడో నాకు చాలాకాలం తెలియలేదు. వినపడనందుకే అనుకున్నాను. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ తనే చెప్పాడు.

"అందరు లేసినంక లేస్త, అందరు నవ్వినంక నవ్వుత. ఎందుకు నవ్వుతున్ననో నాకే ఎరక లేదు. గంతే నా బతుకు."

తరువాతి వారం లాప్‌టాప్ చంకలో పెట్టుకుని చర్చికి వెళ్లాను.

నేను ఉప్పల్ దగ్గర ఒక ప్రభుత్వ పరిశోధన ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. తెలుగు ఉత్తరాలన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. నా వేళ్లు నోటికంటే వేగంగా నడుస్తాయి. నోరేమీ తక్కువ తినలేదని మా వదిన అభిప్రాయం. పాస్టరుగారు వాక్యం చెప్తుంటే అన్న పక్కన కూర్చుని పెద్ద అక్షరాలతో టైపు చేయడం మొదలుపెట్టాను. అన్న చదువుకుంటాడు. చెప్పినవన్నీ కొడతాను, అక్కడితో ఆగను. "ఇప్పుడు దగ్గుతున్నాడు", "ఈ కథ పోయిన పండక్కి చెప్పిందే", "వెనుక బెంచీలో పెద్దాయన గురక మొదలైంది" అని కూడా కొడతాను. ప్రసంగం మధ్యలో అన్న కిసుక్కున నవ్వుతాడు. పాస్టరుగారు ఒకటి రెండుసార్లు మావైపు అనుమానంగా చూశారు.

ఫోన్లో మాటను అక్షరాలుగా మార్చే యాప్ ఉంది కదా అని చాలామంది సలహా ఇచ్చారు. పెట్టి చూశాం. మైకు గోల, మా పాస్టరుగారి వేగం, మా మాట యాస, అన్నీ కలిసి అది రాసిన రాతను అన్న కాసేపు చదివి, "ఇది నాకన్న చెవిటిది" అన్నాడు. దాంతో ఆ ముచ్చట ముగిసింది.

ఆ లాప్‌టాప్ ముసలిది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గులో ఉన్నంతసేపే దానికి ప్రాణం. దుకాణంవాడు పాత సామానుకు వేసెయ్యమన్నాడు. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుని రిటైరైన సార్ ఒకాయన ఉన్నారు, గుంటూరు వైపు మనిషి. ఆయనే దాన్ని తీసుకుని, లినక్స్ వేసి, తెలుగు కీబోర్డు పెట్టి, "ఇంకా పదేళ్లు లాగుతుందమ్మా" అని చేతికిచ్చారు. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థ. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, బాగుచేసి, ఊరికే ఇస్తారు. అప్పుడప్పుడు కొత్త ముక్కలు వస్తుంటాయి, పాతవి తీసి వాటిని వేసుకోవాలి. ఆ ముక్కల్నే ప్యాకేజీలంటారు.

ఇక ఆ శనివారం సంగతి. మా అన్న కూతురికి ప్రభుత్వ దవాఖానాలో నర్సు ఉద్యోగం వచ్చింది. మాలో ఏదైనా మేలు జరిగితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. పాస్టరుగారు, సంఘంవాళ్లు, చుట్టాలు వస్తారు. పాటలు, వాక్యం, ఆ తర్వాత మేలు పొందిన మనిషి లేచి నలుగురిలో సాక్ష్యం చెప్పాలి. దేవుడు ఏం చేశాడో, మనుషులు ఏం చేశారో చెప్పి, చివరికి భోజనాలు.

ముందురోజే నేను మేనకోడలిని అడిగాను, నువ్వేం చెప్తావో రాసియ్యి, టైపు చేసి పెట్టుకుంటానని.

"వద్దత్తా. రాసిస్తే నువ్వు ముందే డాడీకి సూపెడ్తవు."

"చూపిస్తే ఏమైతది?"

"నేను డాడీ గురించి చెప్పేది ఉంది. ఆయన పొద్దుగాల్నే సదువుకుని, సాయంత్రం ఊకె కూసునుడు నాకొద్దు. నేను చెప్తుంటె అందరితోని పాటు ఆయనకు తెల్వాలె. ఒక్కసారన్న ఎన్కకు పడొద్దు."

ఆ పిల్లకు కూడా తెలుసన్నమాట, వాళ్ల నాన్న బాధ. సరే అన్నాను. పెద్ద టీవీకి లాప్‌టాప్ తగిలిద్దాం, ఆయన ఎదురుగా పెడదాం అనుకున్నాం. ఈమధ్య ఆయన కళ్లకు కూడా శుక్లాలు ముదిరాయి, ఫోను అక్షరాలు కనపడవు. చేత్తో రాద్దామంటే నా రాత నాకే అర్థం కాదు. కాబట్టి అంతా ఆ ముసలి లాప్‌టాప్ మీదే ఉంది.

పొద్దున్నే నాచారంలో అన్నవాళ్లింటికి చేరాను. మేనకోడలు మధ్యాహ్నం దాకా డ్యూటీలో ఉంటుంది. వదిన అప్పటికే గచ్చు కడిగి, కర్టెన్లు ఉతికి, సజ్జ మీది గిన్నెలన్నీ దించి తోమి, ఇంకా ఏం దొరుకుతుందా అని చూస్తోంది. అలాంటి ఇంట్లో కూర్చుంటే ఎవరికైనా శుభ్రం చేయాలనే పురుగు కుడుతుంది. నాకూ కుట్టింది. లాప్‌టాప్ తెరవగానే, అప్‌డేట్లు చాలా మిగిలిపోయాయి, వేసుకుంటావా అని అడిగింది. చాలా వారాలుగా అడుగుతూనే ఉంది. కూడిక పూట ఇదొక్కటీ మురికిగా ఎందుకుండాలని 'సరే' నొక్కాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక్కడ మా వదిన ప్రార్థన గురించి చెప్పాలి. ఏళ్ల క్రితం ఒకసారి ఇంట్లో అందరూ మోకరించి ప్రార్థన చేసుకుంటుంటే, పోయిన కరెంటు వచ్చి, ఆపకుండా వదిలేసిన టీవీ ఒక్కసారిగా సబ్బు ప్రకటన పాట అందుకుంది. వదినకు ఆ అవమానం ఇప్పటికీ చల్లారలేదు. అప్పటినుంచి కుటుంబ ప్రార్థనకు ముందు వెళ్లి ఏకంగా మెయిన్ స్విచ్చే దించేస్తుంది. ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, ఎండాకాలమైనా సరే. దేవుడితో మాట్లాడేటప్పుడు ఇంట్లో ఏదీ అడ్డు మాట్లాడకూడదు.

ఈ సంగతి నాకు తెలుసు. కానీ నేను ముందుగదిలో ఎల్లిపాయలు ఒలుస్తున్నాను, లాప్‌టాప్ వెనుక గదిలో పని చేసుకుంటోంది. వదిన "రండ్రి, ప్రార్థన చేద్దం" అంది. లేచాను, మోకరించాను, కళ్లు మూసుకున్నాను. ఫ్యాను ఆగిన నిశ్శబ్దంలో వదిన గొంతు వినిపిస్తుండగా నాకు గుర్తొచ్చింది. ఆమెన్ దాకా ఎలా ఉన్నానో ఆ దేవుడికే తెలియాలి.

కరెంటు వచ్చాక లాప్‌టాప్ వేశాను. మామూలుగా వచ్చే బొమ్మ రాలేదు. నల్లటి తెర, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, పేరు చెప్పు, పాస్‌వర్డ్ చెప్పు అని. చెప్పాను. తర్వాత కర్సరు ఆడుతూ నిలబడింది, అంతే. తెలుగు లేదు, తెర మీద విండోలని తెరుచుకునే కిటికీలు లేవు, ఏమీ లేవు.

"ఏమైంది?" అంది వదిన గుమ్మంలో నిలబడి.

"నువ్వు మెయిన్ దించినవ్ గదా వదినె, అది సగంల ఆగింది."

ఇలా అన్నందుకు తర్వాత నొచ్చుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది. వెళ్లి మెయిన్ బోర్డు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కాసేపటికి మైకు సెట్టు అబ్బాయి వచ్చి, కనెక్షన్ కోసం మెయిన్ ఒక్క నిమిషం దించుతానన్నాడు. వదిన గరిటె చేతిలో పట్టుకుని, "ఈ బోర్డు దిక్కు సూస్తె సుత ఊకోను" అంది. ఆ అబ్బాయి పక్కింటి నుంచి వైరు లాక్కున్నాడు.

సార్‌కు ఫోను చేశాను. వెనుక జనం గోల. సంగతి చెప్పాను, సాయంత్రం కూడిక అనీ, అన్న కోసం అనీ చెప్పాను. ఆయన "వీడియో పెట్టమ్మా, తెర చూపించు" అన్నారు. స్టూలు మీద డబ్బాలు పేర్చి ఫోను నిలబెట్టాను. ఇంటర్నెట్‌కు వదిన ఫోనును వైరుతో లాప్‌టాప్‌కు కలిపాను. దానికి చుట్టాల ఫోన్లు వస్తూనే ఉన్నాయి, కూడిక ఎన్ని గంటలకని. అందరికీ వదిన బోర్డు దగ్గరినుంచే అరిచి చెప్పింది.

"కంగారు పడకు. సగంలో ఆగిన ప్యాకేజీలను ముందు సర్దమందాం" అని సార్ ఒక ఆదేశం చెప్పారు. అక్షరం అక్షరం కొట్టాను. వరుసలు వరుసలుగా కదిలింది. నా ప్రాణం కుదుటపడింది. అంతలోనే ఎర్రర్ అని ఆగిపోయింది.

"పర్లేదు. విరిగినవాటిని బాగుచేయమని అడుగుదాం" అని ఇంకోటి చెప్పారు. అది కొట్టగానే తెర నిండా ఒక పెద్ద చిట్టా వచ్చింది, కింద ప్రశ్న, ముందుకు పోనా వద్దా అని. నా వేలు అప్పటికే అవును మీదకు వెళ్లింది. పొద్దున్నుంచీ అది దేనికైనా అవును అనే వేలు.

"ఆగమ్మా. ఏం చెప్తోందో చదువు."

"బాగు చేస్తానంటోంది సార్."

"ఎలా బాగుచేస్తుందట? పైకి చదువు."

చదివాను. ఫలానావి తీసేయబడును అని ఉంది. ఆ ఫలానావాటిలో కిటికీలు చూపించే వ్యవస్థ మొత్తం ఉంది. చివరికొచ్చేసరికి తెలుగు కీబోర్డు ఉంది. అంటే చెయ్యి విరిగింది, కట్టు కట్టవయ్యా అంటే, చెయ్యే తీసేస్తాను, నొప్పి ఉండదు అంటోంది. ఇంకొక్క క్షణమైతే నొక్కేదాన్ని.

"వద్దను" అన్నారు సార్. "అది ఏదడిగినా ముందు చదువు. తొందరేం లేదు, నేనున్నాను."

నేనున్నాను అనే మాటను మనం ఎన్నిసార్లు వింటామో, ఎన్నిసార్లు నమ్ముతామో. ఆ రోజు నేను నమ్మాను.

అంతలో అన్న లోపలికి వచ్చాడు. చేతిలో ఉల్లిగడ్డల పళ్లెం. నల్లటి తెర చూశాడు, నా ముఖం చూశాడు. వినపడని మనుషులకు ముఖాలు చదవడం బాగా వస్తుంది. తన గొంతు తనకు తెలియదు కాబట్టి కాస్త పెద్దగానే అన్నాడు.

"పోనియ్యి. ఎందుకు పరేషాన్ అయితవ్. బిడ్డ మొఖం కనపడ్తది గద. అందరు నవ్వితె నవ్వుత."

ఆయన ఓదార్చాలనే అన్నాడు. నాకు మాత్రం కన్నీళ్లాగలేదు. ఫోన్లో సార్‌కు కూడా ఆ మాట వినపడినట్టుంది. గొంతు సవరించుకుని, "అమ్మా, డిస్కులో చోటెంత ఉందో చూద్దాం" అన్నారు.

దొంగ అక్కడ దొరికాడు. డిస్కు నిండా చోటుంది, కానీ కంప్యూటర్ లేవడానికి కావలసిన ఫైళ్లు పెట్టే చిన్న భాగం ఒకటుంది, అది మాత్రం పూర్తిగా నిండిపోయింది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కెర్నల్ అనే గుండెకాయ లాంటి ముక్క కొత్తది వస్తుంది. పాతది కూడా ఉండిపోతుంది, అవసరానికి పనికొస్తుందని. అలా పాతవన్నీ మా వదిన సజ్జ మీది గిన్నెల్లా పేరుకున్నాయి. కొత్తదానికి కాలు పెట్టే చోటు లేదు. కరెంటు పోకపోయినా ఇది అక్కడే ఆగేదని సార్ చెప్పారు.

ఆ మాట వినగానే నేను బోర్డు దగ్గరికి పరుగెత్తాను. "వదినె, నీ తప్పు కాదంట. కరెంటు పోకున్నా ఆగేదంట."

వదిన నావైపు చూసి, "ఎవరన్నరు?" అంది.

"సార్ అన్నడు."

"మంచోడు" అంది. లేవలేదు మాత్రం, స్టూలు మీదే కూర్చుంది.

"ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో ముందు చూడు. దాన్ని ముట్టుకోకు. దానికంటే పాతవి ఒక్కొక్కటిగా తీద్దాం" అన్నారు సార్. ఒక్కొక్కటీ పేరు పైకి చదివాను, ఆయన ఊఁ అన్నాక తీశాను. మధ్యలో ఫోన్లోంచి "సాంబారండీ, సాంబారు" అని వినపడింది.

"సార్, మీరెక్కడున్నారు?"

"చెంగిచెర్లలో మా బంధువుల గృహప్రవేశం. ఏం ఫర్వాలేదు, ఆ తర్వాతది చదువు."

విస్తరి ముందునుంచి లేచి వచ్చి, వంటల షామియానా పక్కన నిలబడి మాట్లాడుతున్నారట. పంక్తి మారిపోయింది, ఆయన భోజనం ఏమైందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు అన్నం ముద్ద దిగదు.

చోటు దొరికాక మొదటి ఆదేశమే మళ్లీ కొట్టాను. వరుసలు కదిలాయి. ఈసారి ఆగలేదు. రెండోది కొట్టాను. మళ్లీ ప్రశ్న. నేను చిట్టా అంతా చదివాను, కింది నుంచి పైకి కూడా. ఏదీ తీసేయనంటోంది, కొన్ని వేస్తానంటోంది. వాటిలో తెలుగు కీబోర్డు కొత్త రూపం కూడా ఉంది. సార్ చెప్పకముందే, "సార్, ఇప్పుడు అవుననాలి" అన్నాను. "నువ్వు నేర్చేసుకున్నావు" అని నవ్వారు.

లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాక బొమ్మ వచ్చింది, కిటికీలు వచ్చాయి. 'అమ్మ' అని కొట్టాను. మ కింద మ ఒత్తు చక్కగా కూర్చుంది. ఆ ఒత్తు అక్కడ కూర్చోవడానికి లోకంలో ఎంతమంది కష్టపడ్డారో నాకు తెలియదు. ఎవరో ఆ అక్షరాలు గీశారు, ఎవరో ఆ కీబోర్డు రాశారు, ఎవరో నాలాగే నల్ల తెర ముందు ఏడ్చి, బాగుచేసుకుని, ఎలా చేశారో పదిమందికీ చెప్పారు. వాళ్లకు నాచారం ఎక్కడుందో తెలియదు, మా అన్న తెలియదు. వాళ్లందరికీ దండం పెట్టుకున్నాను. సార్‌కైతే థాంక్స్ చెప్పబోతే, "మీ అన్నయ్యగారిని అడిగానని చెప్పమ్మా" అని పెట్టేశారు.

సాయంత్రానికి షామియానా నిండింది. ఉప్పల్ నుంచి, పీర్జాదిగూడ నుంచి చుట్టాలొచ్చారు. అన్న ముందు వరుసలో, ఎదురుగా పెద్ద టీవీ, పక్కన నేను. పాటలయ్యాయి, వాక్యమయింది. మేనకోడలు లేచి మైకు పట్టుకుంది. నేను వేళ్లు విరుచుకుని మొదలుపెట్టాను.

దేవుడికి స్తోత్రం చెప్పింది. తనకు చదువు చెప్పినవాళ్లకు చెప్పింది. "మా మమ్మీ పొద్దున లేపుడు కన్న, దవాఖానాల నైట్ డ్యూటీ అల్కగుంటది" అంది. జనం నవ్వారు. అన్న కూడా నవ్వాడు. వాళ్లతో పాటే నవ్వాడు. ఆ నవ్వు నా పక్కన వినగానే తెర నాకు మసకబారింది. చూడకుండానే టైపు చేయడం వచ్చు కాబట్టి బతికిపోయాను.

తర్వాత మేనకోడలు వాళ్ల నాన్నవైపు తిరిగింది.

"కాలేజీకి పోయేటప్పుడు డాడీ నన్ను రోజు బండి మీద దింపేటోడు. నేను ఎన్క కూసుని అన్ని చెప్పేదాన్ని. పరీక్ష తప్పిన ముచ్చట ఇంట్ల ఎవలకు చెప్పలె, డాడీ ఈపుకు చెప్పిన. నా వల్ల కాదు, చదువు ఇడిసిపెడ్త అని ఏడ్సుకుంట చెప్పిన. డాడీకి ఇనరాదని తెలుసు, గందుకే చెప్పిన. ఎవలకన్న చెప్పుకున్నట్టు ఉండేది, ఎవలు తిట్టకపోయేది. దిగేటప్పటికి మనసు అల్కగయ్యేది. గట్ల ఆఖరు దాక చదివిన. డాడీ, నీకు తెల్వకుంటనే నువ్వు నన్ను నిలబెట్టినవ్."

కొట్టాను. ఒక్క మాట వదలకుండా కొట్టాను. అన్న చదివాడు. చదవడం అయ్యాక కూడా టీవీవైపే చూస్తున్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు.

"నాకెరకే" అన్నాడు.

మేనకోడలికి అర్థం కాలేదు.

"నీ గదుమ నా ఈపుకు ఆనిచ్చి కూసునేటిదానివి. మాట్లాడితె అది కదిలేది. ఏం చెప్తున్నవో ఎరక లేదు గని, చెప్తున్నవని ఎరకే. ఏడ్సిన రోజు సుత ఎరకే, అంగి తడిసేది. గందుకే సీదా పోకుండ మల్లాపూర్ మీదికెల్లి సుట్టు తిరిగి తీస్కపోయేటోణ్ని."

ఆ పిల్ల మైకు పట్టుకునే వాళ్ల నాన్న దగ్గరికి వచ్చింది. "మరి ఎందుకడగలె డాడీ? ఏందని ఒక్కసారన్న అడగకపోతివి?"

నేను అది కూడా టైపు చేశాను. అన్న చదువుకున్నాడు. తన గొంతు తనకు తెలియదు కదా, పెద్దగా చెప్పాడు.

"అడిగితె నువ్వు మాట్లాడుడు ఆపేద్దువు బిడ్డా."

ఆ మాటను నేను టైపు చేయలేదు. అక్కడున్న అందరికీ వినపడింది.